అడ్రినల్ గడ్డ రిపోర్టులో ‘సీవైపీ11బీ2 పాజిటివ్’ అని రాశారు, అంటే ఏమిటి?

కందుకూరు నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అక్క గారికి 41 ఏళ్ళు. ఆరేళ్ళుగా బీపీ, రోజూ మూడు రకాల మాత్రలు. కాళ్ళు పట్టేయడం, మెట్లు ఎక్కలేనంత నీరసం. రక్తంలో పొటాషియం 2.8కి పడిపోయింది. స్కానింగ్‌లో ఎడమ అడ్రినల్ గ్రంథిలో 1.6 సెంటీమీటర్ల గడ్డ కనబడింది. చెన్నైలో రెండు వైపుల అడ్రినల్ సిరల నుంచి రక్తం తీసి చూసి, లోపం ఎడమ వైపే ఉందని తేల్చుకున్నాక లాప్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. ఇప్పుడు రిపోర్టు వచ్చింది: అడ్రినల్ కార్టికల్ ఎడినోమా, సీవైపీ11బీ2 బలంగా పాజిటివ్, సీవైపీ11బీ1 అక్కడక్కడ పాజిటివ్. పాజిటివ్ అంటే క్యాన్సరా, మళ్ళీ వస్తుందా, పిల్లలకు వస్తుందా అని మీ ప్రశ్నలు.

ముందు మీ టెన్షన్ తీరే మాట చెబుతాను. ఇది క్యాన్సర్ కాదు. ఎడినోమా అంటేనే క్యాన్సర్ కాని గడ్డ. ఇక్కడ పాజిటివ్ అంటే ఫలానా ప్రోటీన్ ఆ గడ్డలో కనబడిందని అర్థం, అంతే. మీ అక్క గారి విషయంలో అది సంతోషించాల్సిన మాట కూడా. ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయాలి. నేను నెల్లూరులో ఇరవై ఏళ్ళకు పైగా పాథాలజిస్టుగా ఉన్నాను. ఆపరేషన్ థియేటర్ నుంచి ఫార్మలిన్ డబ్బాలో వచ్చిన గ్రంథిని కోసి, స్లైడ్లు చేసి, చూసి రిపోర్టు రాసేది మేమే. ఆ రిపోర్టు ఇంటికి వెళ్ళాక దానిలోని అక్షరాలు చూసి కుటుంబాలు ఎంత కంగారు పడతాయో నాకు బాగా తెలుసు.

ఒక్కో కిడ్నీ పైన టోపీ పెట్టినట్టు ఒక్కో అడ్రినల్ గ్రంథి ఉంటుంది. బరువు నాలుగైదు గ్రాములు. పై భాగం వేరు, లోపలి గుజ్జు వేరు. పై భాగంలో మళ్ళీ మూడు వరసలు. అన్నిటికంటే బయటి వరస ఆల్డోస్టెరోన్ తయారు చేస్తుంది. ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి, పొటాషియంను మూత్రంలోకి తోసేసే హార్మోన్ ఇది. మధ్య వరస కార్టిజాల్ చేస్తుంది. లోపలి వరసలో మగ హార్మోన్లకు ముడిసరుకు తయారవుతుంది. గుజ్జు నుంచి వచ్చేది అడ్రినలిన్.

ఈ తయారీ ఎలా జరుగుతుందో చెప్పడానికి నాకు మన వైపు రైస్ మిల్లే గుర్తొస్తుంది. మిల్లులోకి వెళ్ళేది వడ్లే. రాళ్ళు తీసే మిషన్, ఊక తీసే షెల్లర్, ఆ తర్వాత పాలిషర్. చివర పాలిషర్ తిరిగితే తెల్ల బియ్యం, దాన్ని ఆపేస్తే ముడి బియ్యం. వడ్లు అవే, చివరి మిషన్‌ను బట్టి సరుకు మారుతుంది. అడ్రినల్‌లో వడ్ల స్థానంలో కొలెస్ట్రాల్ ఉంటుంది. స్టార్ అనే ప్రోటీన్ హమాలీ లాగా దాన్ని కణంలో ఉండే మైటోకాండ్రియా అనే చిన్న గదుల లోపలికి మోసుకెళ్తుంది. అక్కడ సీవైపీ11ఏ1 అనే ఎంజైమ్ దాని తోక కత్తిరిస్తుంది. తర్వాత మరో రెండు మూడు ఎంజైమ్‌ల చేతులు మారి చివరి మిషన్ దగ్గరకు వస్తుంది. అక్కడ సీవైపీ11బీ1 ఉంటే కార్టిజాల్ బయటికి వస్తుంది. సీవైపీ11బీ2 ఉంటే ఆల్డోస్టెరోన్ వస్తుంది. మీ అక్క గారి రిపోర్టులో ఉన్న రెండు పేర్లు ఈ రెండు చివరి మిషన్లవే.

గడ్డలో హార్మోన్‌నే నేరుగా చూడొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కుదరదు. ఇన్సులిన్ లాంటివి కణాల్లో చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటాయి కాబట్టి రంగు వేసి చూపించవచ్చు. స్టెరాయిడ్ హార్మోన్లు అలా కాదు, తయారైనవి తయారైనట్టే రక్తంలోకి వెళ్ళిపోతాయి. మిగిలిన ఆ కాస్తా కొవ్వులో కరిగే పదార్థం. స్లైడ్ చేసేటప్పుడు మేం ఆల్కహాల్‌లో, జైలీన్‌లో ముంచుతాం, అక్కడితో అదీ పోతుంది. రాత్రి పూట మూసేసిన మిల్లులోకి టార్చి వేసుకుని వెళ్ళామనుకోండి. బియ్యం బస్తాలన్నీ సాయంత్రమే లారీ ఎక్కేశాయి. మిషన్లు మాత్రం ఉన్నాయి. ఏ మిషన్ ఉందో చూసి ఇక్కడ ఏ సరుకు తయారైందో చెప్పగలం. సీవైపీ11బీ2 పాజిటివ్ అని మీ డాక్టర్లు రాసింది అలా చూసే.

ఇది చెప్పడానికి ఒక వాక్యం సరిపోయింది గానీ చేయడానికి చాలా కాలం పట్టింది. ఈ రెండు ప్రోటీన్లూ కవల పిల్లల్లాంటివి, 93 శాతం ఒకేలా ఉంటాయి. వాటి జన్యువులు కూడా 8వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి. మేం రంగు వేయడమంటే, ఒక ప్రోటీన్‌కు అంటుకునే యాంటీబాడీ అనే పదార్థం వేసి, అది అంటుకున్న చోట గోధుమ రంగు వచ్చేలా చేయడం. ఒకదానికి అంటుకుని రెండోదానికి అంటుకోని యాంటీబాడీ తయారు చేయడం అందుకే కష్టమైంది. 2010లో జపాన్‌కు చెందిన నిషిమోతో బృందం రెండింటినీ విడదీసి గ్రంథిలో చూపించింది. 2014లో అమెరికాలో మిసిసిపీలో గోమెజ్ సాంచెజ్ ప్రయోగశాల నుంచి ఒక్కో ప్రోటీన్‌కే కచ్చితంగా అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలు వచ్చాయి. ఇప్పటికీ ఈ పరీక్ష అన్ని ల్యాబుల్లో దొరకదు, గడ్డ ముక్కను మైనంలో పెట్టి చేసిన బ్లాకును పెద్ద సెంటర్లకు పంపాలి. అంతకు ముందు మేమంతా మామూలు రంగు వేసి ‘ఎడినోమా’ అని మాత్రమే రాసేవాళ్ళం. ఆ గడ్డ హార్మోన్ చేస్తోందా, ఊరికే కూర్చుందా అని మైక్రోస్కోప్‌లో చూసి చెప్పగలిగే దారి మాకు లేదు. నేనూ ఏళ్ళ తరబడి అలాగే రాశాను.

దీని విలువ నాకు తెలిసొచ్చిన కేసు ఒకటి చెబుతాను. ఇసకపల్లి వైపు ఉప్పు కొఠార్లలో పనిచేసే మనిషి, యాభై దాటిన వయసు. ‘కాళ్ళు నావి కానట్టు ఉండాయి సార్’ అనేవాడట, బస్తా ఎత్తబోతే కూలబడిపోయేవాడట. ఎండలో పని, ఉప్పులో పని, నీరసం మామూలే అని చాలా కాలం అందరూ అనుకున్నారు. చివరికి పొటాషియం చూస్తే బాగా తక్కువ. ఎడమ అడ్రినల్ తీసి నా దగ్గరకు పంపారు. కోసి చూశాను. రెండు సెంటీమీటర్లు దాటిన గుండ్రటి గడ్డ, కోడిగుడ్డు పచ్చసొన రంగులో మెరుస్తూ ఉంది. స్కానింగ్‌లో కనబడిందీ అదే, అందరూ తప్పు పట్టిందీ దాన్నే. దానికి కాస్త దూరంలో ఆరు మిల్లీమీటర్ల చిన్న ముద్ద ఒకటి ఉంది. కందిగింజ కంటే కొంచెం పెద్దది. అలవాటు కొద్దీ అదీ బ్లాకులో పెట్టాను. రెండూ చెన్నైకి పంపాం.

స్లైడ్లు తిరిగి వచ్చాక మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, పెద్ద గడ్డ అంతా వెలవెలబోయి ఉంది. నీలం చుక్కల్లా కణాల కేంద్రకాలు తప్ప ఒక్క గోధుమ రంగు మరక లేదు. స్లైడు జరిపాను. చిన్న ముద్ద దగ్గరకు వచ్చేసరికి ఫిల్టర్ కాఫీ డికాషన్ ఒలికినట్టు ముదురు గోధుమ రంగు, గట్టు దాకా. ఆల్డోస్టెరోన్ చేసే మిషన్లన్నీ ఆ ఆరు మిల్లీమీటర్లలోనే ఉన్నాయి. రంగు తిన్న కణాల్లో కొన్నింటిలో, ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనబడే పొరల్లాంటి గులాబీ రంగు గుండ్రాలు కూడా కనబడ్డాయి. ఆల్డోస్టెరోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడిన వాళ్ళలో ఆల్డోస్టెరోన్ చేసే కణాల్లో అవి వస్తాయి. అంటే ఆ కణాలే దోషులని మాత్ర కూడా సాక్ష్యం చెప్పినట్టే. గ్రంథి మొత్తం తీశారు కాబట్టి ఆయన బాగుపడ్డాడు. పెద్ద గడ్డ ఒక్కటే గీరి తీసి ఉంటే బీపీ అలాగే ఉండేది.

సైజు పెద్దదైనంత మాత్రాన గడ్డను దోషిగా నిలబెట్టకూడదు అని నేను గట్టిగా చెప్పేది అందుకే. వయసు పెరిగే కొద్దీ ఏ పనీ చేయని గడ్డలు అడ్రినల్‌లో రావడం చాలా మామూలు. మీ అక్క గారికి ఆపరేషన్‌కు ముందు రెండు వైపుల సిరల రక్తం తీసి చూశారు చూడండి, ఆ పరీక్ష చాలా మంచి పని. బతికున్న మనిషిలో ఏ వైపు నుంచి హార్మోన్ వస్తోందో అది చెబుతుంది. తీసిన గ్రంథిలో ఏ ముద్ద నుంచి వచ్చిందో మా రంగు చెబుతుంది. మీ కేసులో రెండూ ఒకే మాట చెప్పాయి. స్కానింగ్‌లో కనబడిన గడ్డే ఆల్డోస్టెరోన్ చేస్తోంది, అది ఇప్పుడు ఒంట్లో లేదు. సంతోషించాల్సిన మాట అన్నది ఇందుకే.

మళ్ళీ వస్తుందా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ రంగులోనే చాలావరకు ఉంది. 2021లో పలు దేశాల నిపుణులు కలిసి ఈ గ్రంథులను ఎలా వర్గీకరించాలో ఒప్పందానికి వచ్చారు. ఒకే గడ్డ అంతా సీవైపీ11బీ2తో నిండి ఉంటే అది క్లాసికల్ రకం. చిన్న చిన్న ముద్దలు చాలా ఉండి అన్నీ రంగు తింటే వేరే రకం. రెండో రకంలో అవతలి గ్రంథిలో కూడా అలాంటివి ఉండే అవకాశం ఉంటుంది, కాబట్టి ఎక్కువ కాలం గమనించాలి. మీ రిపోర్టు చివర ‘మిగతా గ్రంథి’ గురించి ఏం రాశారో చూడండి. అక్కడ ఏమీ రాయకపోతే ఫోన్ చేసి అడగండి, అది మీ హక్కు.

బీపీ మాత్రలు మొత్తం మానేయొచ్చా అని మీరు అడగలేదు గానీ అది కూడా మనసులో ఉండే ఉంటుంది. 2017లో వచ్చిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనంలో ఆపరేషన్ అయిన దాదాపు 700 మందిని చూశారు. హార్మోన్, పొటాషియం నూటికి 94 మందిలో సరిపోయాయి. మాత్రలేవీ లేకుండా బీపీ మామూలైంది మాత్రం 37 మందికే. మిగతా వాళ్ళలో చాలామందికి మాత్రలు తగ్గాయి. ఏళ్ళ తరబడి బీపీ ఉంటే రక్తనాళాలు గట్టిపడిపోతాయి కదా, గడ్డ తీయగానే అవి మెత్తబడవు. అయితే ఆడవాళ్ళలో, వయసు తక్కువ ఉన్నవాళ్ళలో ఫలితం బాగుంది. మీ అక్క గారు ఆ వైపే ఉన్నారు.

ఇక రెండో పేరు, సీవైపీ11బీ1 అక్కడక్కడ పాజిటివ్. ఆల్డోస్టెరోన్ గడ్డల్లో ఇలా కార్టిజాల్ మిషన్ కూడా కొంచెం కనబడటం తరచుగా ఉండేదే. దాన్ని చూసి కార్టిజాల్ ఎక్కువైందని అనుకోనక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త ఉంది. గడ్డ నిజంగానే కొంత కార్టిజాల్ వదులుతూ ఉంటే, అవతలి గ్రంథి ఇన్నాళ్ళూ పని లేక నిద్రపోయి ఉంటుంది. గడ్డ తీసేశాక అది వెంటనే లేవదు. అప్పుడు వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం వస్తాయి. ఆపరేషన్‌కు ముందు రాత్రి 11 గంటలకు డెక్సామెథసోన్ 1 మిల్లీగ్రాము మాత్ర ఇచ్చి మర్నాడు పొద్దున రక్తం తీశారా అని కాగితాల్లో చూడండి. అందులో కార్టిజాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఆ పరీక్ష చేయకపోయి, ఇప్పుడు పైన చెప్పిన లక్షణాలు ఏవైనా ఉంటే ఈ రోజే డాక్టరుకు చెప్పండి, ఆదివారమని ఆగవద్దు.

ఈ సందర్భంలో మన జిల్లాల గురించి ఒక మాట. మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండటం చాలాసార్లు చూశాం. నెలల తరబడి అవి మింగిన వాళ్ళకు ముఖం ఉబ్బి, ఒళ్ళు వచ్చి, అచ్చం కార్టిజాల్ గడ్డ ఉన్నట్టే కనబడతారు. వాళ్ళ సొంత అడ్రినల్స్ మాత్రం ఎండిపోయి ఉంటాయి. పరీక్షలకు వెళ్ళే ముందు అలాంటి మాత్రలు వాడిన సంగతి దాచకుండా చెప్పాలి. ఉన్నట్టుండి మానేయడం కూడా ప్రమాదమే.

ఇంట్లో మీరు చేయాల్సింది ముఖ్యంగా పొటాషియం విషయం. ఆపరేషన్ ముందు తగ్గిందని సిరప్ తాగించి ఉంటారు, కొబ్బరి నీళ్ళు పట్టించి ఉంటారు. గడ్డ తీసేశాక లెక్క తిరగబడుతుంది. అవతలి గ్రంథి ఆల్డోస్టెరోన్ చేయడం మొదలుపెట్టేదాకా పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. నాకు తెలిసిన ఒక కుటుంబం డిశ్చార్జి కాగితంలో పాత మందుల లిస్టే ఉండేసరికి, పొటాషియం సిరప్ పది రోజులు అలాగే ఇచ్చారు. కొత్త లిస్టు రాయాల్సిన వాళ్ళు రాయలేదు. పొటాషియం 6.1కి చేరింది, గుండె కొట్టుకోవడంలో తేడా వచ్చి ఐసీయూకి పరుగెత్తారు. అదృష్టం కొద్దీ బయటపడ్డారు. కాబట్టి సిరప్, స్పైరోనోలాక్టోన్ ఆపారో లేదో డాక్టరును సూటిగా అడగండి. మొదటి నెల వారానికోసారి పొటాషియం చూపించండి. ఈ కొద్ది వారాలు ఉప్పు పూర్తిగా బంద్ చేయకండి, మామూలుగా తిననివ్వండి. ఆ తర్వాత మళ్ళీ ఊరగాయలు, ఎండు చేపలు, అప్పడాలు తగ్గించుకోవాల్సిందే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగినా భయపడకండి. ఆల్డోస్టెరోన్ ఒత్తిడికి కిడ్నీలు ఇంతకాలం ఎక్కువగా వడపోశాయి, ఆ ఒత్తిడి పోయాక అసలు స్థితి బయటపడుతుంది. అయితే దాన్ని డాక్టరుకు చూపించి ఉంచండి.

పిల్లల సంగతి. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం ఆ గడ్డ కణాల్లో మాత్రమే వచ్చిన జన్యు మార్పు వల్ల పుడతాయి. 2011లో కేసీఎన్‌జే5 అనే జన్యువులో ఈ మార్పు ఉంటుందని కనుగొన్నారు. అది కణం గోడలో పొటాషియంకు దారి ఇచ్చే ప్రోటీన్. మార్పు వస్తే ఆ దారిలో సోడియం దూరుతుంది, దాని వెనకే కాల్షియం వస్తుంది, కాల్షియం వచ్చి సీవైపీ11బీ2 జన్యువు స్విచ్ వేస్తుంది. ఆడవాళ్ళలో, చిన్న వయసువాళ్ళలో ఇది ఎక్కువ. ఆ మార్పు గడ్డతోనే పోయింది, పిల్లలకు వెళ్ళదు.

వంశపారంపర్యంగా వచ్చే రకాలు కూడా ఉన్నాయి, అరుదు. వాటిలో ఒకదానిలో పక్కపక్కనే ఉన్న ఆ రెండు కవల జన్యువులు తెగి అతుక్కునేటప్పుడు ఒకదాని తల, రెండోదాని మొండెం కలిసిపోతాయి. అప్పుడు ఆల్డోస్టెరోన్ మిషన్ కార్టిజాల్ స్విచ్‌తో నడుస్తుంది. దీన్ని 1992లో కనిపెట్టారు. మీ ఇంట్లో ఇరవై ఏళ్ళ లోపే బీపీ వచ్చినవాళ్ళు గానీ, నలభై లోపు పక్షవాతం వచ్చినవాళ్ళు గానీ ఉంటేనే దాని గురించి ఆలోచించాలి. మీ అక్క గారికి 35 ఏళ్ళప్పుడు బీపీ వచ్చింది, గడ్డ ఒక వైపే ఉంది. నాకు ఆ అనుమానం లేదు. అయినా తోబుట్టువులుగా మీరూ ఏడాదికోసారి బీపీ చూపించుకోండి.

క్యాన్సర్ గురించి చివరి అనుమానం కూడా తీర్చేస్తాను. అడ్రినల్ పై పొర క్యాన్సర్ చాలా అరుదు, ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి. అవి సాధారణంగా పెద్దవిగా ఉంటాయి, నాలుగు సెంటీమీటర్లు దాటి. మేం మైక్రోస్కోప్‌లో తొమ్మిది లక్షణాలు వెతుకుతాం, మూడు లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే అనుమానిస్తాం. ఆ గడ్డల్లో మిషన్లన్నీ చిందరవందరగా ఉంటాయి, కొన్ని ఉండవు. సగం మరపట్టిన బియ్యం లాగా, పూర్తికాని హార్మోన్లు మూత్రంలోకి వస్తాయి. మీ రిపోర్టులో అలాంటి వర్ణన ఏదీ లేదు.

ఇది చదివే మిగతా వాళ్ళ కోసం ఒక హెచ్చరిక రాయక తప్పదు. స్కానింగ్‌లో అడ్రినల్ గడ్డ కనబడగానే సూది గుచ్చి చూద్దాం అనకూడదు. కొన్నేళ్ళ క్రితం అలా సూది పరీక్ష చేయమని నాకే ఒక చీటీ వచ్చింది. పేషెంటుకు ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, తలనొప్పి వస్తున్నాయని పక్కన రాసి ఉంది. నేను సూది పట్టుకోలేదు, ముందు అడ్రినలిన్ జాతి హార్మోన్ల అవశేషాలను కొలిచే మెటానెఫ్రిన్స్ పరీక్ష చేయించమన్నాను. చాలా ఎక్కువ వచ్చాయి. అది గుజ్జులో పుట్టే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ. దానిలోని మిషన్లు పూర్తిగా వేరు, టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, పీఎన్ఎంటీ లాంటివి, అవి అడ్రినలిన్ జాతి హార్మోన్లు చేస్తాయి. సూది తగిలితే ఒక్కసారిగా ఆ హార్మోన్ రక్తంలోకి పోయి ప్రాణం మీదకు రావచ్చు. ముందు వారం పది రోజులైనా ఆ హార్మోన్ దెబ్బను అడ్డుకునే ఆల్ఫా బ్లాకర్ మాత్రలు ఇచ్చి, ఆ తర్వాతే దాని ఆపరేషన్ చేస్తారు.

ఇంకో మాట. బీపీ ఉన్నవాళ్ళలో నూటికి ఐదు నుంచి పది మందికి మూలం ఈ ఆల్డోస్టెరోనే. 2025లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ, బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకసారి ఆల్డోస్టెరోన్, దాన్ని నడిపించే కిడ్నీ పదార్థం రెనిన్ పరీక్ష చేయడం మంచిదని సూచించింది. మీ అక్క గారు ఆరేళ్ళు మూడు మాత్రలు మింగుతూ, కాళ్ళు పట్టేస్తుంటే కొబ్బరి నూనె రాసుకుంటూ గడిపారు. ఒంగోలులో అయినా, కావలిలో అయినా, మార్కాపురంలో అయినా ల్యాబులో రక్తం ఇస్తే పెద్ద ల్యాబుకు పంపి ఈ పరీక్ష చేయిస్తారు. ఏ మాత్రలు ఎన్నాళ్ళు ఆపి ఇవ్వాలో మాత్రం డాక్టరును అడిగే వెళ్ళండి. పొటాషియం తక్కువ ఉంటే ముందు అది సరిచేశాక ఇవ్వాలి.

మీ అక్క గారికి ఆపరేషన్ అయిన ఆరు నెలలప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఆల్డోస్టెరోన్, రెనిన్ మళ్ళీ చూపించండి. రిపోర్టుతో పాటు మైనం బ్లాకు నంబరు కూడా రాసి పెట్టుకోండి, ఎప్పుడైనా మరో రంగు వేసి చూడాల్సి వస్తే అదే ఆధారం. ఆపరేషన్ తర్వాత చేసిన పొటాషియం, క్రియాటినిన్ అంకెలు, రిపోర్టులో మిగతా గ్రంథి గురించి రాసిన వాక్యం నాకు రాసి పంపండి, చూసి చెబుతాను.